ఓడెక్కిన హుసేనప్ప మావాడేనని

ఆదోని,
తేది: 25-08-2025, సోమవారం.

పాత ఓడల దస్త్రాల భాండాగారం అధికారి గారి దివ్యసముఖమునకు,

కర్నూలు జిల్లా, ఎమ్మిగనూరు మండలం, తిమ్మనహాలు గ్రామ కాపురస్తుడు, ఆదోనిలో సబ్ కలెక్టరు ఆఫీసు ఎదుటి జిరాక్స్ అంగడి పంచన కుర్చీ వేసుకొని పదిమందికి అర్జీలు రాసిపెట్టుచూ జీవనము చేయుచున్న రామాంజి అను నేను సమర్పించుకొను విన్నపము.

అయ్యా,

విషయం: 1908వ సంవత్సరములో ఓడెక్కి తిరిగి రాని హుసేనప్ప, తండ్రి తిక్కయ్య, మా ఇంటి మనిషేనని గుర్తించి, అతని పేరు గల పుటను మా అవ్వ అంజినమ్మ, వయస్సు 87 సం., స్వయముగా చూచుటకు అనుమతి కోరుట గురించి.

సూచిక: 1. నా మొదటి అర్జీ. 2. దానిని తిరస్కరించుచూ తాము దయచేసిన ఎండార్స్‌మెంటు. 3. మా అవ్వ.

సూచికలో మనుషులను చూపరాదని నాకు తెలియును. కానీ ఈ వ్యవహారంలో మొదటి రెండు కాగితాలు పోయినా నష్టం లేదు. మూడవది మాత్రం నేను రోజూ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోయేసరికి గడపలో కూర్చొని ఉంటుంది. "ఏమన్నార్రా ఆ సారు" అని అడుగుతుంది. నేను కాళ్ళు కడుక్కునే లోపల రెండోసారి అడుగుతుంది.

ముందుగా ఒక మనవి. ఇరవయ్యేండ్లకు పైగా నేను ఇతరుల కోసం అర్జీలు రాస్తున్నాను. రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, పక్కింటివాళ్ళ చూరునీళ్ళు, ఏదైనా సరే, 'కావున' అనే మాట ఎక్కడ పెడితే అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుంటారో నాకు తెలుసు. నా అర్జీలు చదివి కళ్ళు చెమర్చిన అధికారులు ఉన్నారు. పని చేసిపెట్టిన అధికారులు వేరే. కానీ సొంతానికి రాసుకోవడం ఇదే మొదలు. పక్కవాడి కష్టానికి చక్కగా వరుస నంబర్లు వేయగలిగినవాణ్ణి, మా ఇంటి విషయానికి వచ్చేసరికి ఒకటో నంబరులో రాయవలసినది ఐదులోకి పోతున్నది. మన్నించవలెను.

తమ ఎండార్స్‌మెంటులోని అభ్యంతరములకు నా సమాధానములు ఈ క్రింది విధముగా ఉన్నవి.

1. "అర్జీదారుని గ్రామము సముద్రతీర జిల్లాలో లేనందున, ఓడల దస్త్రములతో సంబంధము కనబడుట లేదు" అని తాము మొదటి అభ్యంతరం తెలిపినారు.

మా ఊరికి సముద్రం లేదన్నది వాస్తవమే. సముద్రం మాట అటుంచి, చెరువుకే దిక్కు లేదు. మాకు తెలిసిన పెద్ద నీరు మాధవరం దగ్గర తుంగభద్ర. అదీ ఎండాకాలంలో మేకలు దాటిపోయేంత లోతు. అయితే తాము ఆలోచించవలసినది ఏమనగా, నీళ్ళు లేకపోవడం వల్లనే మా హుసేనప్ప ఓడెక్కినాడు. మా చేన్లలో నాలుగు వానలు పడి ఉంటే ఆ మనిషి ఆదోని రైలుస్టేషను దాకా కూడా వచ్చేవాడు కాదు. వరుసగా వానల్లేని కాలంలో కూలీలను కుదుర్చుకునే ఒక మేస్త్రీ ఊళ్ళు తిరిగి, ఫలానా దేశంలో చెరకు తోటలున్నాయి, నీళ్ళు కాలువల్లో ఊరికే పారుతుంటాయి అని చెప్పినాడట. కాలువల్లో ఊరికే పారే నీళ్ళను చూడటానికైనా పోవాలనిపించే ఊరు మాది. ఆదోనిలో రైలెక్కించి మద్రాసు, మద్రాసులో ఓడ. అంతే.

దీనికి అనుబంధంగా మరొకటి. అప్పట్లో మా ఊరు బళ్ళారి జిల్లా, ఆదోని తాలూకా. "బళ్ళారి జిల్లా అని దస్త్రములో ఉన్నది, కర్నూలు జిల్లావారు ఏ హక్కున అడుగుచున్నారు" అని తమ కార్యాలయంలో ఒకరు అన్నారు. అయ్యా, మా ఊరు ఎక్కడికీ పోలేదు. జిల్లాలే వచ్చి పోయినాయి. మా అవ్వ బళ్ళారి జిల్లాలో పుట్టి, కర్నూలు జిల్లాలో పెండ్లి చేసుకుంది. రెండింటికీ ఒకే గడప. మా తాతను ఇల్లరికం తెచ్చుకున్నారు.

2. "దస్త్రములోని వివరములు అర్జీదారునికి ముందుగానే ఎట్లు తెలిసినవో సంజాయిషీ కోరడమైనది" అని రెండవ అభ్యంతరం.

తమ రికార్డు గదిలో పనిచేయు దేవరాజు గారు నాకు ఏ పుస్తకమూ చూపలేదు. నేనూ ముట్టలేదు. ఆయన నిబంధనల మనిషి. అయితే ఆయనకు దుమ్ము దులిపేటప్పుడు గట్టిగా చదువుకునే అలవాటు ఉన్నది. ఆ సమయములో నేను వరండాలో కిటికీ పక్కన కూర్చొని ఉంటిని. కిటికీ రెక్క తుప్పు పట్టి మూతపడని స్థితిలో ఉన్నందున, ఈ విషయంలో తప్పు ఎవరిదైనా ఉంటే అది కిటికీది.

ఆయనది తుగ్గలి పక్క ఊరు కావడం, నా మాట వినగానే "నీది యాడన్నా, ఆదోనా, ఎమ్మిగనూరా" అని పలకరించడం, నేను తెచ్చుకున్న కొర్రన్నం సద్దిలో సగం ఆయనకు పెట్టడం, ఇవన్నీ వేరే విషయాలు. వీటికీ ఆయన గట్టిగా చదువుకోవడానికీ సంబంధం లేదు.

ఆయన చదువుకున్నది ఇది: హుసేనప్ప, తండ్రి పేరు తిక్కయ్య, వయస్సు ఇరవై రెండు, జిల్లా బళ్ళారి, తాలూకా ఆదోని, ఊరు తిమ్మనహాలు. ఒంటి మీద గుర్తు, కుడి అరికాలిన కాలిన మచ్చ. దాని పక్కన ఎర్రసిరాతో, దారిలో మరణం, సముద్రం మీద.

అంతవరకు చదివి దేవరాజు గారు గుడ్డ కింద పెట్టినారు. కిటికీ దగ్గరికి వచ్చి, "అన్నా, నీళ్ళు తాగుతావా" అన్నారు. ఎవరో ముక్కూ మొగమూ తెలియని మనిషి, నేను పుట్టకముందు డెబ్బయ్యేండ్ల నాడు పోయినవాడు. అయినా నాకు దుఃఖం వచ్చింది. అర్జీలో దుఃఖం వచ్చినదని రాయకూడదు, 'తీవ్ర మనస్తాపమునకు గురి అయితిని' అని రాయాలి. నాకు వచ్చినది అది కాదు, దుఃఖమే.

3. "అర్జీదారుడు ఏ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకుడు కాడు" అని మూడవది.

నిజమే. నేను పదో తరగతి. అది కూడా లెక్కల దగ్గర రెండుసార్లు ఆగి, మూడోసారి దాటినది. కానీ తమ కార్యాలయంలో ఇచ్చిన ఫారంలో పరిశోధకులకు తప్ప ఇతరులకు గళ్ళు లేవు. పరిశోధనాంశము అన్నచోట 'మా అవ్వ జేజినాయన' అని రాసినాను. జేజినాయన అనగా తండ్రి తండ్రి అని గుమాస్తా గారికి విడమరచి చెప్పినాను. మీరు నిరూపించదలచిన విషయమేమి అన్నచోట, 'ఆయన చనిపోయినాడని' అని రాసినాను. గుమాస్తా గారు తలెత్తి, "1908లో ఇరవై రెండేళ్ళ వాడు ఇప్పటికి పోయే ఉంటాడు కదండీ, దానికి పరిశోధన ఎందుకు" అన్నారు.

ఆ సంగతి మా ఇంట్లో చెప్పి చూడమని మనవి. ఈ పరిశోధన వలన సమాజమునకు కలుగు ప్రయోజనము అని ఆఖరు గడి. బాగా ఆలోచించి, 'ఒక పంచె' అని రాసినాను. ఆ ఫారం తాము చూసి నవ్వుకున్నారని విన్నాను. నవ్వినందుకు నాకు బాధ లేదు. దాని అర్థం మాత్రం ఐదవ అంశంలో మనవి చేయుచున్నాను, అక్కడిదాకా దయచేసి చదవవలెను.

4. అసలు అడ్డంకి ఇది. "దస్త్రములో సదరు వ్యక్తి జాతి అను గడిలో ముసల్మాను అని ఉన్నది. అర్జీదారుడు హిందువు. కావున బంధుత్వము రుజువు కాలేదు. అర్జీ తిరస్కరించడమైనది."

అయ్యా, ఇది చదివి నేను మా ఊరికి పోయి రచ్చకట్ట మీద పైకి చదివి వినిపించినాను. పదిమంది ఉన్నారు. అందులో నలుగురు హుసేనప్పలు. గొర్రెల హుసేనప్ప, మోటారు హుసేనప్ప, పొట్టి హుసేనప్ప, చర్చి హుసేనప్ప. మా ఊళ్ళో హుసేనప్పా అని పిలిస్తే వీధి వీధంతా తిరిగి చూస్తుంది కాబట్టి ముందర ఏదో ఒకటి తగిలిస్తాం. నలుగురిలో ముసల్మాను ఒక్కడూ లేడు.

మా పక్క ఆచారం తమకు తెలియకపోవచ్చు. పిల్లలు కలగని వాళ్ళు, పుట్టినా దక్కని వాళ్ళు పీర్ల పండగలో హుసేని స్వామికి మొక్కుకుంటారు. బిడ్డ దక్కితే ఆ పేరే పెడతారు. మగబిడ్డ హుసేనప్ప, ఆడబిడ్డ హుసేనమ్మ. పీరు ముందర చక్కెర చదివించి, ఇంటికి వచ్చి మళ్ళీ ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టుకుంటారు. ఇందులో ఎవరికీ ఏ తికమకా లేదు. మద్రాసు రేవులో కలం పట్టుకున్న గుమాస్తాకు మాత్రం తికమక అయినది. ఎదుట ఒక బక్క మనిషి నిలబడి పేరు హుసేనప్ప అన్నాడు. ఆ గుమాస్తా రెండో మాట అడగకుండా జాతి గడి నింపేసినాడు. వెనకాల పెద్ద వరుస ఉండి ఉంటుంది. నేను కూడా వరుస పెద్దదైనప్పుడు గళ్ళు అట్లే నింపుతాను కాబట్టి ఆయనను నేను తిట్టలేను.

ఈ విషయమై నలుగురు హుసేనప్పల వాంగ్మూలము జత చేయుచున్నాను. ఎవరు ముందు సంతకం పెట్టాలన్న దానిపై కొంత ఆలస్యమైనది.

"నేను పెద్దోణ్ణి, నాది ముందర" అన్నాడు గొర్రెల హుసేనప్ప.

"నీకు యేలిముద్ర కదప్పా. సంతకం వచ్చినోళ్ళది పైన ఉండాల" అన్నాడు మోటారు హుసేనప్ప.

చర్చి హుసేనప్ప, అనగా కొడుక్కు మాత్రం ప్రేమ్ కుమార్ అని పేరు పెట్టుకున్నవాడు, అంతా విని, "నాది కచ్చితంగా రాయి రామాంజీ. బాప్తిస్మం అప్పుడు పాస్టరు పేరు మార్సుకోమన్యాడు. మాయమ్మ మొక్కుకొని పెట్టిన పేరు, మార్సుకుంటే నన్ను పిలిసినా నేను పలకను అని సెప్పినా. మార్సలేదు. ఆ సారుకు అట్లే రాయి" అన్నాడు. ఆయన మాట ఆయనదే కాబట్టి యథాతథముగా రాసినాను.

పీర్ల చావిడిని చూసుకునే ముజావరు మస్తాన్ సాబు గారు కూడా సాక్షి సంతకం చేసినారు. ఆయన ఎండార్స్‌మెంటు చేతికి తీసుకొని వెనకా ముందూ చూసి, "నాయనా, మా వాళ్ళలో హుసేన్ ఉండాడు, హుసేన్ పీరా ఉండాడు. హుసేనప్ప అని మేం పెట్టుకోము. అది మీరు మొక్కుకొని పెట్టుకునే పేరు. మీ పేరు పెట్టుకొని మా లెక్కలో పోయినాడా ఆయప్ప" అని చాలా సేపు నవ్వినారు. తర్వాత నవ్వు ఆపి, "కుడి అరికాలు కాలింది అన్నావే. అది గుండం మచ్చ. ఈడ మా జేజినాయన ఎత్తిన పీరు యెనకాల పోయి గుండం తొక్కినాడు" అన్నారు.

పీర్ల పండగ నాడు నిప్పుల గుండం తొక్కడం మా ఊళ్ళో ఉంది. తొక్కినవాళ్ళకు కాలదు. మా హుసేనప్పకు కాలినది. ఎందుకు కాలినదంటే మధ్యలో ఆగి పెండ్లాం చూస్తున్నదా లేదా అని వెనక్కి తిరిగినాడట. ఇది మా అవ్వకు ఆమె జేజి, అనగా ఆ పెండ్లామే, చెప్పిన మాట. చూస్తున్నానని చెప్పడానికి ఆమె చేయి కూడా ఎత్తినదట.

5. ఇక పంచె.

ఆ పెండ్లాం పేరు మారెమ్మ. హుసేనప్ప రైలెక్కినప్పుడు ఆమె చంకలో బిడ్డ. ఆ బిడ్డ మా అవ్వ తండ్రి. మా పక్క పెద్దల అమావాస్య నాడు ఇంట్లో పోయిన పెద్దలకు కొత్త బట్టలు పెడతాము. గోడవారగా పీట వేసి, ఒక్కొక్కరి పేరు చెప్పి, వాళ్ళ బట్ట వాళ్ళకు పెట్టి, వాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టి, తర్వాత ఆ బట్టలు ఇంటివాళ్ళమే కట్టుకుంటాము. అయితే హుసేనప్ప పోయినాడో ఉన్నాడో తెలియదు. ఉన్నవాడికి పెద్దల వరుసలో బట్ట పెట్టడం కంటే పాపం లేదని మారెమ్మ అన్నది. అందుకని ఆయన పంచె వేరే. పీట మీద కాకుండా, పక్కన గూట్లో మడతపెట్టి ఉంచుతాము. వచ్చినప్పుడు కట్టుకుంటాడని. ఏడాది తర్వాత దానిని దారిన పోయే ఎవరైనా ముసలాయనకు ఇచ్చేసి, ఎమ్మిగనూరులో కొత్తది తెస్తాము.

మారెమ్మ నుదుట బొట్టు, చేతుల గాజులతోనే కన్నుమూసింది. పోయేటప్పుడు మా అవ్వను పిలిచి, "ఆయప్ప సంగతి తెలిసేదాకా ఆ పంచె పెద్దల్లో కలపొద్దే" అని చేతిలో చేయి వేయించుకుంది. మా అవ్వ అప్పటినుంచి కలపలేదు. ఏటా గూట్లో పంచె పెడుతూనే ఉంది. నేను చిన్నప్పుడు, అవ్వా ఆయనకు నూరేండ్లు దాటినాయి కదా అంటే, "దాటితే దాటనీ. నాకు ఎవురూ సెప్పలేదు" అనేది. వాదించడానికి వీలు లేదు. నిజంగానే ఎవరూ చెప్పలేదు.

అయ్యా, ఇక్కడ నాకు ఒక సందేహం. ఆ మనిషి ఓడెక్కిన కొన్నాళ్ళకే పోయినాడు. ఆ ముక్క ఎర్రసిరాతో రాసిన పుస్తకం ఒక ఊళ్ళో ఉంది. బొట్టు పెట్టుకొని ఎదురుచూసే మనిషి ఇంకో ఊళ్ళో ఉంది. రాసినవాళ్ళు ఒక కార్డుముక్క వేసి ఉంటే ఆమె అన్నేండ్లు వాకిట్లో రైలు కూత వినేది కాదు. దీనికి ఎవరి మీద అర్జీ పెట్టాలో నాకు తెలియలేదు. ఇరవయ్యేండ్ల అనుభవంలో ప్రతిదానికీ ఎవరో ఒక అధికారి ఉంటారనుకున్నాను. దీనికి లేరు.

ఇంకొక ఆచారం కూడా ఇక్కడే చెప్పవలెను. మనిషి పరాయిచోట పోతే, ఆయన బట్ట ఇంటివాళ్ళు కట్టుకోరు. ఆయనను కడదాకా పెట్టుకున్న ఇంటి యజమానికి ఇస్తారు. మా చిన్నాయన గోవిందన్న గుంతకల్లులో టీ అంగడి జయన్న దగ్గర పని చేస్తూ, అక్కడే బల్ల మీద పోయినాడు. ఆ ఏడు మేము పెట్టిన చొక్కా పంచె జయన్నకే ఇచ్చినాము. ఆయన టీ కాస్తూనే ఆ చొక్కా వేసుకున్నాడు.

6. సంగతి తెలిసినాక నేను ఇంటికి పోయి అవ్వకు చెప్పిన విధము.

ఎట్లా చెప్పాలో బస్సులో అంతా ముసాయిదా రాసుకున్నాను. ఇంటికి పోయి గడపలో ఆమె పక్కన కూర్చునేసరికి అదంతా పోయింది.

"అవ్వా, దొరికినాడు" అన్నాను.

"యాడుండాడు" అంది వెంటనే, పక్క ఊళ్ళో ఉన్నట్టు.

"లేడవ్వా. పోయినాడు. ఓడలోనే పోయినాడు."

ఆమె వీధిలోకి చూసింది. కళ్ళల్లో పొర వచ్చి వీధి సరిగ్గా కనబడదు. అయినా చూసింది.

"యాడ పూడ్సినారు?"

"పూడ్సరవ్వా. ఓడలో మన్ను ఉండదు. సముద్రంలో ఇడుస్తారు."

"సముద్రం అంటే ఎంత ఉంటాది?"

నేను సముద్రపు ఒడ్డునున్న తమ కార్యాలయానికి వచ్చినప్పుడే మొదటిసారి చూసినాను. తుంగభద్రకు ఆ పక్క గట్టు లేకపోతే ఎట్లుంటుందో అట్లుంటుందని చెప్పినాను.

"ఆయప్పకు ఈత రాదు కదరా" అంది.

ఈ మాటకు ప్రత్యుత్తరము తమ వద్ద ఉంటే తెలుపవలెను.

7. పైన నాలుగవ అంశంలో నేను జాతి గడిని సవరించమని అడుగుదామనుకున్నాను. సవరణ అర్జీ కూడా సిద్ధం చేసి, వేలిముద్ర కోసం అవ్వకు చదివి వినిపించినాను. ఆమె వేలు ముందుకు చాపలేదు.

"సాయిబు అని రాసుకున్నారు. రాసుకోనీ. పీరుసామి ఇచ్చిన బిడ్డ, పీరుసామి లెక్కలోనే పోయినాడు. దాన్ని కొట్టేస్తే సామికి కోపం రాదా. నువ్వు దాని జోలికి పోవద్దు."

"మరి మనవాడని వాళ్ళు ఒప్పుకోవాల గదవ్వా."

"ఒప్పుకోకపోతే మానె. మన్నులో లేడు, నీళ్ళల్లో యాడని యెతుకుతాం. ఆ బుక్కులో ఉండాడు. ఆడికే పోయి పంచె పెడదాం."

ఇది విని నేను అది ప్రభుత్వ కార్యాలయమని, పీట వేయనీయరని, పొగ పెట్టనీయరని చెప్పినాను. ఆమె అన్నిటికీ సరేనన్నది. దీపం వద్దు, సాంబ్రాణి వద్దు, వండినవి బయట వరండాలోనే, ఆ కిటికీ పక్కనే పెడతానన్నది. పంచె ఒక్కటి మాత్రం ఆ పుటకు ఎదురుగా పెట్టి, పేరు ఒక్కసారి చెప్పనిస్తే చాలునన్నది.

"ఈ అమావాస్య దాటితే నేనే పెద్దల్లో పోతా. ఆడ ఆయప్ప ఎదురుపడి, ఏమ్మే, అందరికీ పెట్టినావు, నాకు పెట్టలేదే అంటే ఏం సెప్పాల? సంతకం కాలేదని సెప్పాల్నా?"

కావున, తాము పెద్ద మనసుతో ఈ క్రింది కోరికలను మన్నించవలెనని ప్రార్థన. ఒకటి, హుసేనప్ప మావాడేనని నోటి మాటగానైనా అంగీకరించుట. కాగితం మీద వద్దు, ఆ కాగితం కోసం మళ్ళీ నేనే తిరగవలసి వస్తుంది. రెండు, జాతి గడిని సవరించకుండుట. మూడు, పెద్దల అమావాస్య నాడు మా అవ్వను రికార్డు గదిలోకి అనుమతించుట. ఈ ఏడు పెద్దల అమావాస్య వచ్చే నెల 21వ తేది, ఆదివారం పడినది. ఆదివారము కార్యాలయమునకు సెలవని నాకు తెలియును. అమావాస్యను సోమవారానికి మార్చే అధికారం నాకు లేదు, తమకూ లేదు. ఆదివారాన్ని ఒక పూట తెరిచే అధికారం మాత్రం తమకు ఉన్నదని దేవరాజు గారు అన్నారు. అది కూడా దుమ్ము దులుపుతూనే అన్నారు.

నాలుగు, సదరు కిటికీకి మరమ్మతు చేయించకుండుట.

తీరిక దొరికినప్పుడు ఈ విన్నపమును చిత్తగించవలెను. తీరిక దొరకకపోయినా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
రామాంజి,
తిమ్మనహాలు.

జతపరచినవి: నలుగురు హుసేనప్పల వాంగ్మూలము, ముజావరు గారి సాక్షి సంతకముతో.

తా.క.: కవరు అంటించేముందు పైదంతా అవ్వకు చదివి వినిపించినాను. నవ్వవలసిన చోట నవ్వలేదు, నవ్వకూడని చోట నవ్వింది. ఆఖరున, "పంచె ఎవురికి ఇస్తామో రాయలేదే" అంది.

అప్పుడు నాకు తట్టింది. పరాయిచోట పోయినవాడి బట్ట, ఆయనను పెట్టుకున్న ఇంటివాళ్ళకు ఇవ్వాలి. పెట్టుకున్నవాళ్ళు ఎవరని అడిగినాను, ఓడవాళ్ళా అని.

"ఓడోళ్ళు నెల దినాలు పెట్టుకోల్యాక నీళ్ళల్లో ఇడిసినారు. వాళ్ళకెందుకిస్తాం. నూరేండ్లు దాటినా వాన తగలకుండా, సెదలు పట్టకుండా పెట్టుకున్నోళ్ళు ఈ సార్లే కదా. మనిషిని తుడిసి పెట్టేదానికి ఆ దేవరాజును కూడా పెట్టినారు. పంచె ఆ పెద్దసారుదే" అంది.

తమను ఇంతకాలం నేను మా హుసేనప్పను దాచిపెట్టినవారుగా చూసినాను. అవ్వ ఒక్కమాటలో తమను ఆయనకు అన్నం పెట్టిన ఇంటివారిని చేసింది. ఆలోచిస్తే ఆమెదే సబబు అనిపిస్తున్నది.

కాబట్టి పంచె తమకు. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసినది, సన్న ఎర్ర అంచు. ఇది లంచము కాదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను. తమరు ప్యాంటు వేసుకొనే మనిషని చెప్పినాను. "ఒక్కపూట కట్టుకొని కూసోమను, సాలు. ఆయప్ప కట్టుకున్నట్లే" అంది. తమ నడుము కొలత కనుక్కోమని కూడా అంది. పంచెకు కొలత ఉండదని చెప్పినా ఊరుకోలేదు.

తాము అనుమతి ఇచ్చినా, ఇవ్వకపోయినా, ఆదివారం పొద్దున మేము గేటు దగ్గర ఉంటాము. ప్రతి ఏడూ ఆ పంచె హక్కుగా కట్టుకొనే మనిషి లేక ఏడాదంతా గూట్లోనే ఉండిపోయేది. ఈసారి తీసుకొనే మనిషి ఉన్నాడని, అవ్వ ఇప్పుడే పెట్టె తెరిచి దానిని తన ఒళ్ళో పెట్టుకొని మడత సరిచేస్తున్నది.